రత్నం టీచరు బుగ్గన గింజ

పసిఫిక్ సముద్రం మధ్య తొవాలి అనే బుల్లి ద్వీపంలో జీవరత్నం అనే తెలుగు టీచరమ్మ ఉండేది. ప్రశ్న అడిగేదీ ఆవిడే, జవాబు చెప్పేదీ ఆవిడే.

చెడ్డ మనిషి మాత్రం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద ఆవిణ్ణి కాస్త ఆటపట్టించబోతున్నాను. పన్నెండేళ్లు రేపల్లెలో ఐదో తరగతికి పాఠాలు చెప్పింది. అరవైమంది పిల్లలున్న గదిలో ఎవరు చెయ్యెత్తుతారా అని చూస్తూ కూర్చుంటే గంట కొట్టేస్తారు. అందుకని ఒక పద్ధతి పట్టుకుంది. "మొక్కలు నీళ్లు దేనితో పీల్చుకుంటాయి? వే...?" అనేది. "ర్లు!" అని పిల్లలు అరిచేవారు. "మన దేశ రాజధాని? ఢి...?" అనేది. "ల్లీ!" అనేవారు. పై అధికారులు చూడటానికి వస్తే గది దద్దరిల్లిపోయేది. మన చిన్నప్పుడు మనకూ ఇలాంటి టీచర్లు ఉండేవాళ్లు, మనమూ అరిచినవాళ్లమే, కాబట్టి ఎవరూ ముసిముసిగా నవ్వనక్కర్లేదు.

చిక్కేమిటంటే, బడి వదిలినా ఆ అలవాటు ఆవిణ్ణి వదల్లేదు. ఇంటికి చుట్టాలొస్తే, "ప్రయాణం బాగా జరిగిందా? జరిగే ఉంటుందిలెండి. కాఫీయా, టీయా? కాఫీయే తాగుతారు" అని లోపలికి వెళ్లిపోయేది. ఆవిడ భర్త ఆశీర్వాదం నిదానస్తుడు. ఒక మాట అన్నాక రెండో మాట కోసం కొంచెం ఊపిరి తీసుకునేవాడు. "రత్నం, నిన్న నేను..." అనేలోపే, "గొడుగు ఎక్కడో మర్చిపోయొచ్చారు, అంతేగా?" అనేది. ఆయన చెప్పబోయింది అది కాదు. అయితే గొడుగు మర్చిపోయిన మాటా నిజమే కనుక ఊరుకునేవాడు.

ఆశీర్వాదం బైబిలు అనువాదకుడు. తొవాలి వాళ్లకు చక్కటి భాష ఉంది గానీ, ఆ భాషలో అచ్చయిన పుస్తకం ఒక్కటీ లేదు. గుంటూరు జిల్లాలోని నాలుగైదు చర్చి సంఘాలవాళ్లు కలిసి ప్రార్థన చేసి ఈ కుటుంబాన్ని అక్కడికి పంపారు. అప్పటికి వాళ్ల కూతురు హెప్సిబాకు ఐదేళ్లు. ఇప్పుడు తొమ్మిది. ఈ నాలుగేళ్లలో ఆశీర్వాదం, ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషులు కలిసి మార్కు సువార్త మొత్తం తొవాలి భాషలోకి తెచ్చారు.

వాళ్లది కొబ్బరాకులు కప్పిన ఇల్లు. వాన నీళ్లు పట్టుకోవడానికి ఒక డ్రమ్ము, ఎండతో నడిచే ఒక కంప్యూటరు ఉండేవి. నెలకొకసారి పడవ వచ్చేది. చింతపండు నిండుకుంటే మళ్లీ పడవ వచ్చేదాకా ఇంట్లో చారు ఉండేది కాదు. జీవరత్నం దానికి బెంగపడే రకం కాదు. అడవిలో ఒక పుల్లకాయ కనిపెట్టి పప్పులో వేసింది. బ్రెడ్‌ఫ్రూట్ కాయను చక్రాలుగా కోసి బజ్జీలు వేసింది. పొద్దున కూతురికి తెలుగూ లెక్కలూ చెప్పి, మధ్యాహ్నం భర్త పనిలో సాయానికి వెళ్లేది.

ఆ సాయం ఏమిటో చెప్పాలి. అనువాదం రాసేస్తే సరిపోదు. అంతకుముందు ఆ కథ విననివాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించాలి. "ఏం విన్నారో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. వాళ్లకు తప్పుగా అర్థమైతే తప్పు వాళ్లది కాదు, అనువాదానిది. తొవాలి మగవాళ్లు పగలంతా చేపల వేటకు పోయేవారు. ఆశీర్వాదంతో పనిచేసే పెద్దలిద్దరికీ ఈ కథలన్నీ ముందే తెలుసు. కాబట్టి విని చెప్పాల్సింది ఆడవాళ్లే. వాళ్లను అడిగి రాసుకునే పని జీవరత్నానికి అప్పగించారు.

ఒడ్డున పడవలు నిలబెట్టే పాక ఒకటి ఉండేది. అక్కడ పదకొండుమంది ఆడవాళ్లు చాపలు అల్లుతూ కూర్చునేవారు. జీవరత్నం ఒక కథ చదివి, "ఇప్పుడు చెప్పండి, ఆయన ఏం చేశాడు?" అని అడిగేది. ఎవరూ పలికేవారు కాదు. చేతులు అల్లుతూనే ఉండేవి. అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగడం కూడా ఆవిడకు అయిదు గంటలు ఆగినట్టుండేది. ఇక ఉండబట్టలేక జవాబులో మొదటి సగం అందించేది. రెండోవారానికల్లా ఆడవాళ్లు మిగతా సగం అందుకోవడం నేర్చేసుకున్నారు. పాక మారుమోగిపోయేది. జీవరత్నానికి రేపల్లెలో ఉన్నట్టే ఉండేది. పొంగిపోతూ నోటుపుస్తకంలో "అందరికీ బాగా అర్థమైంది" అని రాసుకునేది. అలా నాలుగు నోటుపుస్తకాలు నిండాయి.

ఒక్క లువానా మాత్రం ఆ పాకకు రావడం మానేసింది. లువానా ఊరి ఆడవాళ్లలో పెద్దది. ఏడాది కిందట, సముద్రంలో తుఫాను లేస్తే యేసు దాన్ని అణిచిన కథ చదివిన రోజున, మధ్యలోనే లేచింది. సగం అల్లిన చాప చుట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. జీవరత్నం ఆవిడ మేనకోడలు తెమిని పిలిచి, "మీ అత్తకు ఏమైంది? మోకాళ్ల నొప్పులా? నొప్పులే అయ్యుంటాయి, పాపం!" అని ఒక తైలం సీసా ఇచ్చి పంపింది. తెమి ఆ సీసా వంకా ఈవిడ వంకా చూసి పట్టుకెళ్లింది.

ఇలా ఉండగా అకుమ్లా గారు వచ్చే పడవ వచ్చింది. ఈవిడ నాగాలాండ్ మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ ద్వీపాలన్నీ తిరుగుతూ అనువాదాలు పరీక్షిస్తోంది. ఆవిడ సంతకం పడనిదే ఏ పుస్తకమూ అచ్చుకు వెళ్లదు. పడవ మిగతా ద్వీపాలు చుట్టి పదోరోజుకు తిరిగి వస్తుంది, ఆలోపు ఆవిడ పని ముగించాలి. ముగిస్తే మార్కు సువార్త ఆ నెలలోనే అచ్చుకు వెళ్తుంది. లేకపోతే ఆ అచ్చు వంతు ఇంకో ద్వీపానికి పోతుంది, తొవాలి మళ్లీ ఏడాది ఆగాలి.

జీవరత్నం రొట్టెలూ, గుడ్ల కూరా చేసి పెట్టింది. నోటుపుస్తకాలు నాలుగూ బల్లమీద వరసగా పెట్టింది. "చూడండి అకుమ్లా గారూ, ఒక్క కథ కూడా వదల్లేదు. అందరికీ అర్థమైంది" అంది.

"చాలా సంతోషం. రేపు నేను కూడా ఒకసారి అడుగుతాను" అంది అకుమ్లా.

మర్నాడు పాకలో ఆడవాళ్లంతా చేరారు. అకుమ్లా తుఫాను కథే చదివించింది. తర్వాత, "ఈ కథలో మీరేం విన్నారు?" అని అడిగింది. ఆశీర్వాదం ఆ ప్రశ్నను తొవాలి భాషలో చెప్పాడు. ఎవరూ మాట్లాడలేదు. చేతులు అల్లుతున్నాయి. చాలాసేపయింది. మెల్లగా పదిమందీ తలలు తిప్పి జీవరత్నం వైపు చూడటం మొదలుపెట్టారు.

చివరికి తెమి అంది, "హెప్సి అమ్మా, మొదటి సగం మీరు అనండి. మీరు అనకపోతే మేము ఎలా అందుకోవాలి?"

జీవరత్నం చెవులు వేడెక్కిపోయాయి. "మీరే చెప్పండమ్మా, నేను ఎందుకు?" అంది.

"మా పాటలు ఇలాగే ఉంటాయి కదా. ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లం అందుకుంటాం. మీ కథలు కూడా అలాగే పాడుకోవాలేమో అనుకున్నాం. సరిగ్గానే అందుకుంటున్నామా?" అంది తెమి ఎంతో ఆదరంగా.

అకుమ్లా కళ్లు ఇటు తిప్పి, "ఒకసారి అనండి రత్నం గారూ, నేనూ వింటాను" అంది. జీవరత్నం సగం మాట అంది. పదిమందీ ఒక్క గొంతుతో మిగతా సగం అందుకున్నారు. పక్కనున్న హెప్సిబా అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టింది.

అకుమ్లాకు నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకుని, పుస్తకం మూసేసింది. "రత్నం గారూ, ఇంత చక్కగా చెప్పే తరగతి నేను ఏ ద్వీపంలోనూ చూడలేదు. కానీ నేను విన్నది మీ ఒక్కరి జవాబు, పది గొంతుల్లో. వాళ్లకేం అర్థమైందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. దీనిమీద నేను సంతకం చేయలేను" అంది. మాట మెత్తగానే ఉంది.

జీవరత్నం ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "నాలుగేళ్ల మీ కష్టాన్ని నా నోటితో నాశనం చేశాను" అంది.

"నాశనం..." అని ఆశీర్వాదం ఊపిరి తీసుకున్నాడు. జీవరత్నం నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆయన ఆశ్చర్యపోయాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఇది మొదటిసారి. "నాశనం కాలేదు రత్నం. ఆలస్యమైంది, అంతే" అన్నాడు.

"ఇలా చేస్తున్నానని మీకు తెలుసా?"

"కొంచెం అనుమానంగానే ఉండేది."

"మరి చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ నువ్వే పూర్తి చేశావు."

"ఏమని?"

"కూరలో ఉప్పు తక్కువైందని."

ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వింది. ఆశీర్వాదం కూడా నవ్వి, తర్వాత తల దించుకున్నాడు. "నీ నోటుపుస్తకాల్లో అందరికీ అర్థమైంది అని చదువుతుంటే నాకూ బాగానే ఉండేది. అందుకే గట్టిగా అడగలేదు. తప్పులో సగం నాది" అన్నాడు. భార్యాభర్తలిద్దరూ అక్కడే మోకరించి ప్రార్థన చేసుకున్నారు. ప్రార్థనలో కూడా ఆ రోజు జీవరత్నం ఆయన్ని ఆమెన్ దాకా చెప్పనిచ్చింది.

పొద్దున్నే ఆవిడ తెమి ఇంటికి వెళ్లింది. "తెమీ, మీ ఊళ్లో పెద్దవాళ్లను ఒక మాట అడగాలంటే ఎలా అడుగుతారు?" అంది. అని, పళ్లు బిగించి ఆగింది.

తెమి విచిత్రంగా చూసింది. "మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉన్నాం కదా!" అంటూ ఒక ఎండు గింజ తెచ్చి చేతిలో పెట్టింది. నిజమే, పాకలో కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు అలాంటి గింజ ఆవిడ చేతిలో పెట్టేవారు. కాలక్షేపానికి ఇస్తున్నారనుకుని ఆవిడ కటుక్కున కొరికి నమిలేసేది.

"ఇది నమలడానికి కాదు హెప్సి అమ్మా. ప్రశ్న అడిగినవాళ్లు దీన్ని బుగ్గన పెట్టుకుంటారు. రాయిలా ఉంటుంది, మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. అది మెత్తబడేదాకా మాట్లాడరు. ఆ సమయమంతా జవాబు చెప్పేవాళ్లది. అడిగినవాళ్లు మధ్యలో నోరు తెరిచారంటే, మా జవాబు వాళ్లకు అక్కర్లేదని అర్థం."

"మరి నేను కొరికేస్తుంటే మీరు ఏమీ అనలేదేం?"

"అతిథులను ఏమంటాం? మీ వాళ్లకు పళ్లు గట్టివి, ఓపిక తక్కువ అనుకున్నాం" అంది తెమి. తర్వాత, "ఇప్పుడు ఎవరిని అడుగుతారు?" అంది.

"మీ అత్తను."

తెమి లోపలికి వెళ్లి బుట్టంతా వెతికి ఇంకో గింజ తెచ్చింది. "అయితే ఈ పెద్దది తీసుకోండి" అంది.

లువానా గుమ్మం ముందు కూర్చుని కొబ్బరి కోరుతోంది. జీవరత్నం ఎదురుగా చాపమీద కూర్చుంది. "పెద్దమ్మా, ఆ తుఫాను కథలో మీరు ఏం విన్నారు?" అని అడిగి, గింజ బుగ్గన పెట్టుకుంది.

లువానా తలెత్తి చూసింది. బుగ్గ వంక చూసింది. మళ్లీ కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. ఒక చిప్ప అయింది. రెండోది తీసుకుంది. జీవరత్నం నాలుక చివర పది జవాబులు వచ్చి నిలబడ్డాయి. ఒక్కోదాన్నీ మింగింది. చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది. ఒకసారి "అంటే..." అనబోయి, అది దగ్గుగా మార్చేసింది. రెండో చిప్ప కూడా అయిపోయింది. నేనే ఆవిడ స్థానంలో ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

అప్పుడు లువానా కోరాన్ని పక్కన పెట్టింది. "నా చిన్నకొడుకు పేరు కైరో. పక్క ద్వీపానికి పెళ్లికి వెళ్తూ పడవ ఎక్కాడు. తెడ్డు పట్టినవాడు వెనక అంచున కూర్చున్నాడు. ఏ పడవలోనైనా తెడ్డు పట్టేవాడి చోటు అదే. వాడికి కునుకు పట్టింది. గాలి మారింది, వాడు చూసుకోలేదు. లేచాక సముద్రాన్ని తిట్టాడట, పడవలో వాళ్లను తిట్టాడట. ఈదుకుంటూ బయటపడ్డవాడు ఒకడు వచ్చి చెప్పాడు. నా కొడుకు రాలేదు."

జీవరత్నం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లువానా ఇంకా చెబుతోంది. "నువ్వు చదివిన కథలోనూ ఆయన పడవ వెనక అంచున పడుకుని నిద్రపోతున్నాడు. పడవ మునిగిపోతుంటే వాళ్లు ఏడుస్తున్నారు. ఆ ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన లేచి సముద్రాన్ని గద్దించాడు, తర్వాత వాళ్లను గద్దించాడు. ఇంకేం వినాలి? లేచి వచ్చేశాను. హెప్సి అమ్మా, అలాంటివాడి గురించి చెప్పడానికి ఇంత సముద్రం దాటి ఎందుకు వచ్చావు?"

ఏడాది పాటు ఈ మాట ఆ తల్లి కడుపులో ఉంది, తనేమో మోకాళ్ల నొప్పుల తైలం పంపింది! అది కాదు పెద్దమ్మా అని జీవరత్నానికి గబగబా చెప్పెయ్యాలనిపించింది. కానీ గింజ ఇంకా మెత్తబడలేదు. ఊరుకుంది.

"ఒకటి చెప్పు. ఆ పడవలో తెడ్డు ఎవరి చేతిలో ఉంది?" అని లువానాయే అడిగింది.

జీవరత్నం గింజను చేతిలోకి తీసుకుంది. "తెలియదు పెద్దమ్మా. నేను ఎప్పుడూ ఆలోచించలేదు" అంది. ప్రశ్నకు తెలియదు అని చెప్పడం కూడా ఆవిడకు కొత్తే. "తెలుసుకుని వచ్చి చెబుతాను" అని లేచి, ఇంటిదాకా దాదాపు పరుగెత్తింది.

ఆశీర్వాదం, అకుమ్లా, పెద్దలిద్దరూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మూలంలో కథ మొదట్లోనే విషయం ఉంది. పగలంతా జనానికి బోధించి అలిసి ఉన్న యేసును శిష్యులే తమ వెంట పడవలో తీసుకువెళ్లారు. వాళ్లలో నలుగురు పుట్టుకతో జాలరులు. అనువాదంలో మాత్రం "ఆయన వాళ్లతో పడవలో వెళ్లాడు" అని ఊరికే రాసేశారు. కథ ముందే తెలిసిన పెద్దలిద్దరికీ అందులో లోటు కనిపించలేదు. ఆశీర్వాదానికీ కనిపించలేదు. ఒక తల్లికి మాత్రమే కనిపించింది.

పెద్దల్లో ఒకాయన అన్నాడు, "మా దగ్గర అలిసిన అతిథిని తెడ్డు పట్టేవాడి పక్కనే, వెనక అంచున చాపవేసి పడుకోబెడతాం. పడవవాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తీసుకెళ్లారని ముందే చెబితే ఆ చోటు ఎవరిదో అందరికీ తెలుస్తుంది." ఆ మాట ప్రకారమే దిద్దారు.

మూడోరోజు లువానా పాకకు వచ్చింది. జీవరత్నం దిద్దిన కథ చదివింది. ఈసారి ఆవిడతో పాటు అకుమ్లా, ఆశీర్వాదం, హెప్సిబా కూడా బుగ్గల్లో గింజలు పెట్టుకున్నారు. చూడటానికి నలుగురికీ పంటి వాపు వచ్చినట్టే ఉంది.

లువానా చాలాసేపటికి మాట్లాడింది. "అయితే తెడ్డు పట్టినవాడు నిద్రపోలేదు. పడుకున్నది అతిథి. పడవవాళ్లు చేయగలిగిందంతా చేసి, ఇక తమవల్ల కాదని అతిథిని లేపారు." మళ్లీ ఆగింది. "నా కొడుకు పడవలో లేపడానికి ఆయన లేడు" అంది.

జీవరత్నానికి ఓదార్పు మాటలు చాలా వచ్చు. చావు ఇళ్లల్లో ఎన్నిసార్లో చెప్పింది. అవన్నీ నోటిదాకా వచ్చాయి. ఆవిడ ఒక్కటీ చెప్పలేదు. లేచి వెళ్లి లువానా పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కొంతసేపటికి లువానా కళ్లు తుడుచుకుని, "గాలి ఆగిన చోటు నుంచి ఇంకోసారి చదువు" అంది.

ఇక ఆ తర్వాత చూడాలి! ఆడవాళ్లందరికీ నోళ్లు విచ్చుకున్నాయి. తొవాలిలో పంది అంటే ఇంటి సిరి. కొండమీది పందుల మంద సముద్రంలో పడి చచ్చిపోయిన కథ విని తెమి, "ఆ పందుల వాళ్లింటికి పలకరింపుకు ఎవరైనా వెళ్లారా, లేదా?" అని నిలదీసింది. ఇంటికప్పు విప్పి రోగిని కిందికి దించిన కథ విని, ఆ కప్పు తిరిగి ఎవరు నేశారని ఇంకొకావిడ దెబ్బలాడింది. రాసి రాసి అకుమ్లా చేతులు విదిలించుకుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గింజ నానేసరికి పొద్దు గడిచిపోయేది. పడవ తిరిగొచ్చేనాటికి పదహారు అధ్యాయాల్లో అయిదే పూర్తయ్యాయి.

అకుమ్లా సంతకం చేయలేదు. అచ్చు వంతు ఇంకో ద్వీపానికి వెళ్లిపోయింది. పడవ కదులుతుంటే జీవరత్నానికి దుఃఖం వచ్చింది. తన నోటి దురద ఖరీదు ఒక ఊరికి ఒక ఏడాది. ఆ మాట ఆవిడ దాచుకోలేదు. గుంటూరు సంఘాలకు తనే ఉత్తరం రాసింది. "ఆలస్యానికి కారణం నేను. వాళ్లను అడగకుండా నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మా కోసం ప్రార్థన చేయండి, ముఖ్యంగా నా నోటికోసం" అని రాసింది. ఆ ఉత్తరం చదివినప్పుడు ఆదివారం ఆరాధనలో నవ్వులే నవ్వులట.

ఏడాది పాటు ఆవిడ ప్రతి కథనూ మళ్లీ మొదటినుంచి అడిగింది. అంత తేలిగ్గా ఏమీ మారిపోలేదు. రెండుమూడు గింజలు ఆవేశంలో మింగేసింది కూడా. కానీ కొత్త నోటుపుస్తకాల్లో ఇప్పుడు ఒకరన్నట్టు ఇంకొకరు అనలేదు. తిట్లు, సందేహాలు, నవ్వులు, ఎవరి మాట వాళ్లదిగా ఉన్నాయి. అకుమ్లా మళ్లీ వచ్చి, వారం రోజులు విని, ఆనందంగా సంతకం చేసింది.

పుస్తకాలు వచ్చిన రోజున ద్వీపమంతా ఒడ్డున చేరింది. చేపలు కాల్చారు, డప్పులు కొట్టారు. జీవరత్నం మూడు వందల బజ్జీలు వేసింది. ఊరిపెద్ద పుస్తకాన్ని చేత్తో ఎత్తి చూపించి, ఒక కథ ఎవరైనా చెప్పండి అన్నాడు. లువానా లేచి నిలబడింది. పుస్తకం తెరవలేదు, ఆవిడకు చదవడం రాదు. తుఫాను కథను తన మాటల్లో మొదలుపెట్టింది. అలలు, ఏడుపులు, తెడ్డు పట్టినవాడి భయం, అన్నీ చెప్పింది. "వాళ్లు ఆయన్ని లేపారు. ఆయన లేచి మాట్లాడాడు" అని ఆగిపోయింది.

ఎంతసేపటికీ మాట రాలేదు. జనం కదల్లేదు. ఒడ్డున అలలు వచ్చి పోతున్నాయి. తర్వాతి వాక్యం జీవరత్నానికి కంఠతా వచ్చు. కానీ ఈవిడ ఏం చెబుతుందో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలని ప్రాణం లాగుతోంది. ఊపిరి బిగబట్టి కూర్చుంది.

లువానా సముద్రం వైపు తిరిగింది. "నా కొడుకు కేకలు వినని సముద్రం, ఆ రోజు ఆయన మాట విన్నది" అంది.

ఆశీర్వాదం భార్య వైపు వంగి, "ఇది మన పుస్తకంలో లేదు రత్నం" అన్నాడు మెల్లగా. జీవరత్నం కళ్లు తుడుచుకుంటూ తల ఊపింది.

నీతి: ఒకరిని ప్రశ్న అడిగాక జవాబు చెప్పే హక్కు వాళ్లదే, వాళ్లు నోరు విప్పేదాకా మన నోరు మూసుకుని ఆగగలిగితేనే వాళ్ల మనసులో ఉన్నది మనకు తెలుస్తుంది.